గుత్తకు పట్టిన చింతచెట్లు

మా ఆయనను హనుమకొండ బజారులో అందరూ కొంగల పంతులు అనేవారు. చాటున కాదు, ముఖం మీదే. నేను ఉప్పుకో బెల్లానికో పోతే "రా కొంగల పంతులమ్మా, ఏం గావాలె?" అని నన్ను కూడా అందులో కలిపేవారు. నాకు ఒళ్ళు మండేది. మా నాయన వరంగల్లు మండిలో ధాన్యం వ్యాపారి. వీధిబడిలో నా చదువు గుణింతాలు దాటి ఒత్తుల దగ్గర ఆగిపోయింది గాని, బేరం, తూకం మా దుకాణం గద్దె పక్కన కూర్చుని బాగానే నేర్చుకున్నాను. అటువంటి ఇంటి నుంచి వచ్చినదానికి, జీతం చేతికి రాగానే ఆదివారం బస్సు కిరాయి విడిగా తీసి పెట్టుకునే మొగుడు దొరికాడు.

బడిలో చదువంతా ఉర్దూలో సాగే రోజులవి. ఆయన చెప్పేది ప్రకృతి పాఠం, బొమ్మలు గీయడం. ఆ రెండింటినీ తీసుకుపోయి పిట్టలలో కలిపాడు. తరగతికి వచ్చే పిల్లల జేబులు తడిమి, పిట్టలను కొట్టే గులేర్లు లాక్కుని గోడ మేకుకు తగిలించేవాడు. పిట్టను కొట్టకుండా దాని బొమ్మ గీసుకొచ్చినవాడిని తరగతిలో ముందు కూర్చోబెట్టేవాడు. ఏడాది చివర ఆ గులేర్లన్నీ సంచిలో మా ఇంటికి వచ్చేవి. వాటి రబ్బరు నేను వృథా పోనివ్వలేదు. మా ఊరగాయ జాడీల మూతిగుడ్డలకు అదే రబ్బరు.

అది యుద్ధం నడుస్తున్న కాలం. పెట్రోలు దొరకక బస్సులను బొగ్గుతో నడిపేవారు. బస్సు వెనక నిలువెత్తు ఇనుప పీపా, దాని కింద పొయ్యి. క్లీనరు పంకా తిప్పి తిప్పి బొగ్గు రాజేస్తే, అందులోంచి వచ్చే పొగతో ఇంజను కదిలేది. ఎత్తు వస్తే ఎక్కినవాళ్ళంతా దిగి తొయ్యాలి. ఆయన ప్రతి ఆదివారం ఆ బస్సులో నర్సంపేట దారిన పోయి, దారిలో ఒక పల్లె దగ్గర దిగేవాడు. సాయంత్రానికి ధోవతి నిండా మసితో తిరిగి వచ్చేవాడు. ఉతుకుడు నాది.

ఆ పల్లె నడుమ చింతచెట్లు ఉండేవి. ఇళ్ళ వెనకాల, దారి పక్కన, పటేలు దొడ్డి చుట్టూ పెద్ద పెద్ద చింతలు. అన్నీ పటేలువే. చలి తగ్గే వేళకు ఎర్రకాళ్ళ కొంగలు ఎక్కడినుంచో వచ్చి వాటి మీద గూళ్ళు కట్టేవి. మామూలు కొంగలు కావవి. మనిషి నడుముదాకా వచ్చే ఎత్తు, పసుపుపచ్చ ముక్కు, తోక దగ్గర గులాబీ రంగు. ఊరి ఆడవాళ్ళు వాటిని చూసి "ఆడబిడ్డలు పురుడుకు వచ్చిండ్లు" అనేవారు. ఆ నెలల్లో చెట్ల కింద డప్పు కొట్టనిచ్చేవారు కాదు. పెళ్ళి ఊరేగింపు వచ్చినా చుట్టూ తిప్పి పొలాల మీదుగా పంపేవారు.

ఒకసారి ఆయన బడిపిల్లలను అక్కడికి తీసుకుపోతూ, వాళ్ళకు అన్నం పెట్టడానికి నన్నూ రమ్మన్నాడు. పులిహోర కలిపి మూటకట్టుకుని, సణుక్కుంటూనే పోయాను. మిట్టమధ్యాహ్నం. తలెత్తితే కళ్ళు మండే ఎండ. ప్రతి గూటి మీదా ఒక తల్లి కొంగ సూర్యుడికి వీపు పెట్టి, రెక్కలు రెండూ గొడుగులా చాపి నిలబడి ఉంది. ఆ నీడలో పిల్లలు. అది కదలదు, కూర్చోదు. మేము తినడం అయ్యింది, బడిపిల్లలు బొమ్మలు గీయడం అయ్యింది, అది అట్లాగే నిలబడి ఉంది. నేను ఎవరినీ ఊరికే మెచ్చుకునేదాన్ని కాదు. ఆ రోజు మాత్రం వచ్చే దారిలో సణగలేదు.

చిక్కంతా ఒక్కటే. ఆ కొంగల పిల్లలు గూళ్ళలో ఉండే కాలమూ, చింతపండు దింపే కాలమూ ఒక్కటే. ఏటా పటేలు ఆ చెట్ల పండును గుత్తకు ఇచ్చేవాడు. అంటే ముందుగానే సొమ్ము తీసుకుని పంట మొత్తం ఒకరికి అప్పగించడం. గుత్త పట్టినవాడు నర్సంపేట నుంచి మనుషులను తెచ్చి పొడవాటి గడలతో కొమ్మలు దులిపించేవాడు. పండుతోపాటు గూళ్ళు రాలేవి, గుడ్లు పగిలేవి, పిల్లలు కింద పడేవి. ఊరి ఆడవాళ్ళు తిట్టేవారు, మన్ను ఎత్తిపోసేవారు. గుత్త పట్టినవాడు వినేవాడు కాదు. పండు రాలిపోతే నష్టం అతనిది.

బతికి ఉన్న పిల్లను మా ఆయన ఇంటికి తెచ్చేవాడు. మొదటిసారి కండువాలో చుట్టి బస్సులో తెచ్చాడట. అది దారిలో బెదిరి, పక్కన కూర్చున్న పెద్దమనిషి ఒళ్ళో చేపలు కక్కిందట. ఆ కథ హనుమకొండ అంతా నెల రోజులు తిరిగింది. ఇంటికి వచ్చాక దానికి తిండి చేపలే. మేము కోమట్లం. ఇంట్లో ఉల్లిగడ్డ కూడా కొన్ని రోజులు ముట్టము. అయినా నేను పెరటి తలుపు వెనక ఒక పగిలిన కుండ పెట్టి, చేపలమ్మే ఆమె పారవేసే పరకలు, తలలు అడిగి తెచ్చి పెట్టాను. ఊరికే ఇచ్చేవి కదా అని.

మా అత్తగారు పెరట్లోకి వచ్చి ముక్కు మూసుకుంది. "ఏందే పిల్లా, కోమటోళ్ళ ఇంట్ల చాపల కంపేంది? మీ నాయన మండిల గిదే నేర్పిండా?"

"నేను తింటలేనత్తమ్మా. పిట్ట తింటాంది."

"పిట్ట తింటాందట! రేపు నీకు పుట్టే పిల్లలకు పెండ్లిసంబంధం వస్తే ఏం జెప్తవే? మా ఇంట్ల పిట్ట చాప తింటది, మేం పప్పు తింటం అంటవా?"

"అట్లనే చెప్త. అబద్ధమేముంది?"

ఆమె విసురుగా లోపలికి పోయింది. నేను ఆ పని చేశాక బావి దగ్గర తలస్నానం చేసిగాని వంటింట్లోకి పోయేదాన్ని కాదు. పిల్ల ఏది తిన్నదో, ఏది కక్కిందో, ఎప్పుడు నిలబడిందో మా ఆయన నన్ను అడిగి రాసుకునేవాడు. బొంబాయిలో పిట్టల సంగతి చదువుకునే పెద్దలకు ఆ వివరం పంపేవాడు. పిల్లలు మాత్రం ఎక్కువ బతికేవి కావు. నేను పెట్టే తిండి తల్లి పెట్టే తిండి కాదు.

ఆయనకు ఉన్న ఆశ ఒక్కటే. ఆ చెట్లను ముట్టవద్దని సర్కారు హుకుం తెప్పించాలి. తాలూకా కచేరీకి అర్జీ పెట్టాడు. తిరిగాడు. కూర్చున్నాడు. చివరికి అక్కడి అధికారి మెత్తబడి, "ఎండల్లో నేను ఆ దిక్కు ఊళ్ళు చూసే దౌరాకు వస్తా. గూళ్ళు, పిల్లలు నా కళ్ళతో చూస్తే రాసి పంపిస్తా" అన్నాడట. మా ఆయన ఆ రోజు ఇంటికి మిఠాయి తెచ్చాడు. అనవసరపు ఖర్చు అని నేను అన్నాను. అంటూనే తిన్నాను.

అయితే అధికారి వచ్చేదాకా గూళ్ళు ఉండాలి కదా. అంతకుముందే గుత్తవాడు గడలు పట్టుకుని వస్తాడు. ఆయన ఆ దిగులుతో అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండేవాడు. నాకు చూసి చూసి విసుగొచ్చింది.

"అన్నం సల్లారిపోతాంది. ఆ గుత్త మనమే పడితే అయిపోదా?" అన్నాను.

ఆయన చెయ్యి ఆగింది. "మనమా? పండేం జేస్కుంటం?"

"ఏం జేస్కోం. చెట్టు మీద ఉంచుతం. పండు మనదైతే ఎప్పుడు దులపాలె అన్నది మనిష్టం. పండు దిగేదాక చెట్టు జోలికి ఎవ్వడు రాడు."

ఇది మండి మాట. నాకు పుట్టినప్పటినుంచి తెలిసిన మాట. మా అన్న చేత గుత్త పట్టించాను. మాట ఖాయం చేసుకోవడానికి మా అన్నతో నేనే పటేలు ఇంటికి పోయాను. పటేలు పెద్దవాడు, మర్యాద తెలిసినవాడు. మమ్మల్ని అరుగు మీద చాపేసి కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు.

"పటేలా, ఒక్క మాట," అన్నాను. "పండు దిగేదాక చెట్టు జోలికి రావొద్దు. మాకు తొందర లేదు."

పటేలు నవ్వాడు. "గా పంతులు కొంగల కోసమా బిడ్డా? సరే. పండు నీది, చెట్టు నాది. పండు చెట్టు మీద ఉన్నన్నాళ్ళు నేను చెట్టును ముట్ట. మాటంటే మాటే."

మా అన్న నా వైపు చూసి తలూపాడు. అంతకంటే గట్టి మాట మా బజారులో ఎవరూ అడగరు.

ఆ ఏడు కొంగలు వచ్చాయి. మా ఆయన ఆదివారం పోయి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే చెప్పేవాడు. గూళ్ళు కట్టాయి. గుడ్లు పెట్టాయి. పిల్లలు అయ్యాయి. పిల్లల ఒంటి మీద నూగు పోయి ఈకలు మొలుస్తున్నాయి. చింతకాయ పండి, పండు పెంకు విడిచి, అంతా చెట్టు మీదే ఉంది. మా అన్న వారం వారం వచ్చి నెత్తి కొట్టుకునేవాడు.

"చెల్లే, పండు రాలిపోతాంది. పురుగు వడ్తది. మార్కెట్ల ఇప్పుడే ధర ఉన్నది. నీకేమన్న పిచ్చి లేసిందా?"

"లేసింది. పురుగు వడితే వడనీ."

తెలిసి తెలిసి సరుకు పాడుపెట్టడం నా బతుకులో అదొక్కసారే. రాత్రి పడుకుంటే అదే గుర్తొచ్చేది. అయినా ఓర్చుకున్నాను. అధికారి దౌరా ఇక దగ్గర పడిందని కచేరీలో చెప్పారు.

ఆ రోజుల్లోనే నర్సంపేట దారి పొడుగునా బొగ్గు బట్టీలు లేచాయి. కట్టెను పేర్చి, మట్టి కప్పి, లోపల మెల్లగా కాలుస్తారు. బస్సులకు, లారీలకు ఎంత బొగ్గు చేసినా చాలేది కాదు. అందులోనూ చింతకట్టె బొగ్గు గట్టిది, నిలిచి కాలుతుంది. బొగ్గు కాంట్రాక్టర్లు ఊరూరా చింతచెట్లు అడుగుతూ తిరుగుతున్నారని మా ఆయన బస్సులోనే విని వచ్చాడు. ఆ మాట నాతో చెప్పి, "మనకేం ఫికర్ లేదు. పటేలు మాటిచ్చిండు గదా" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను.

ఒక పొద్దున నేను వాకిట్లో కల్లాపి చల్లుతుంటే బండ్లు వచ్చి మా ఇంటి ముందు ఆగాయి. బండ్ల మీద గోనె సంచులు. బండివాడు దిగి తలగుడ్డ తీశాడు.

"దండాలమ్మా. పటేలు చింతపండు పంపిండు. తూకమేసి పంపిండు. మీకు కూలి ఖర్చు గూడ లేకుంట ఆయనే దులిపించిండు. సంచులు ఏడ దింపాలె?"

చెంబు కింద పెట్టాను. "ఎవరు దింపుమన్నరు?"

"కాంట్రాక్టరొచ్చి కూసున్నడమ్మా, చెట్లు గావాలని. పటేలేమో, పండు మీద నేను మాటిచ్చిన, అది దిగేదాక గొడ్డలి వెయ్యనియ్య అన్నడు. మాట తప్పే మనిషి గాదు గదా. అందుకే మొదలు మీ పండు మొత్తం దింపిచ్చి, ఒక్క కాయ పోకుంట సంచులకెత్తిచ్చిండు. ఇప్పుడు చెట్లు కొడ్తాండ్లు."

ఆఖరి బండిలో, సంచుల మీద ఒక గంప ఉంది. పైన తడిగుడ్డ కప్పి ఉంది. "ఊరి ఆడోళ్ళు ఇచ్చిండ్లమ్మా. పంతులుకియ్యుమన్నరు," అన్నాడు బండివాడు. గుడ్డ తీస్తే కొంగ పిల్లలు. ఒకదాని మీద ఒకటి. నోళ్ళు తెరిచి ఉన్నాయి గాని అరవడం లేదు.

గంపను అత్తగారికి అప్పగించి నేను బడికి పోయాను. అంతకుముందు నేనెప్పుడూ ఆ గడప తొక్కలేదు. తరగతి తలుపు దగ్గర నిలబడేసరికి ఆయన నన్ను చూసి, పుస్తకం మూసి బయటికి వచ్చాడు. "చెట్లు కొడ్తాండ్లట," అన్నాను. చెప్పులేసుకున్నాడు.

బస్సు కదలలేదు. క్లీనరు పంకా తిప్పుతూనే ఉన్నాడు. "జర ఆగుండ్లి, బొగ్గు అంటుకోవాలె," అంటాడు. మేము కూర్చున్నాము. పొయ్యిలో బొగ్గు ఎర్రబడడం మా సీటు దగ్గరికి కనబడుతూనే ఉంది. తర్వాత దారిలో ఎత్తు వచ్చింది. అందరితోపాటు ఆయనా దిగి తోశాడు. నేను పక్కన నడిచాను. ఆయన చేతులు రెండూ ఆ వెనక పీపా పక్కన పెట్టి, తలవంచి తోస్తున్నాడు.

మేము పోయేసరికి పల్లె తెల్లగా, బోడిగా ఉంది. ఎప్పుడూ నీడ ఉండే చోట ఎండ. చెట్లు కూలిన చోట కూలినట్టే పడి ఉన్నాయి. కొమ్మలలో గూళ్ళు, గూళ్ళలో చితికినవి. కొన్ని కొంగలు పైన తిరుగుతున్నాయి. కొన్ని ఇళ్ళ కప్పుల మీద నిలబడ్డాయి. ఒకటి మాత్రం పడిపోయిన మాను మీద, కొమ్మల మధ్య ఖాళీ చోట, సూర్యుడికి వీపు పెట్టి రెక్కలు చాపి నిలబడి ఉంది. దాని కింద ఏమీ లేదు.

ఒక ముసలామె మా దగ్గరికి వచ్చింది. "పురుట్ల ఉన్న ఆడబిడ్డలను ఎల్లగొట్టినం పంతులూ. ఊరికి మంచిగ గాదు," అని కొంగుతో ముఖం కప్పుకుంది.

పటేలు మమ్మల్ని చూసి అరుగు దిగి వచ్చాడు. చాప వేయించాడు. మజ్జిగ తెప్పించాడు. మా ఆయన కూర్చోలేదు. పటేలు ఆయన ముఖం చూడలేక నా వైపు తిరిగాడు.

"పండుల ఒక్కటి తక్కువ గాలేదు గదా బిడ్డా?"

"లేదు పటేలా."

"నేను మాట తప్పలే."

"తప్పలే."

బేరం మాట్లాడింది నేను. మాట అడిగింది నేను. ఆయన ఆ మాటను తూకం వేసి, సంచులకెత్తి, మా ఇంటికి చేర్చాడు.

ఇంటికి వచ్చేసరికి, అంతకాలం ముక్కు మూసుకున్న మా అత్తగారు పెరట్లో గంప పక్కన కూర్చుని ఉంది. చేపలమ్మే ఆమెను ఇంటికే పిలిపించిందట. "తింటలేవే," అంది నన్ను చూసి. "ఎంత జూపిచ్చినా నోట్లకు తీస్కుంటలేవు." అవి ఒకటి తర్వాత ఒకటి పోయాయి. చివరిది లేచి నిలబడడం నేర్చుకున్నాక పోయింది. మా అత్తగారు దాన్ని పెరట్లో పాతిపెట్టి, స్నానం చేసి, ఆ రోజు అన్నం తినలేదు.

అధికారి దౌరాకు వచ్చాడు. చెప్పిన మాట ప్రకారమే వచ్చాడు. మా ఆయన అధికారిని ఆ పల్లెకు తీసుకుపోయాడు. ఎందుకు తీసుకుపోయాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ పెద్దమనిషి అటూ ఇటూ చూసి, "హుకుం దేనికి రాయాలె పంతులూ, మొద్దులకా?" అన్నాడట. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడట. మరుసటి ఏడు కొంగలు వచ్చాయి. పల్లె మీద చాలాసేపు తిరిగాయి. వాలడానికి చోటు లేక పోయాయి. ఆ తర్వాతి ఏడు రాలేదు.

చింతపండు మా అన్న మండిలో అమ్మేశాడు. మంచి ధర పలికిందని సంతోషంగా చెప్పబోయి, నా ముఖం చూసి ఆపేశాడు. ఇంటి వాడకానికి ఎప్పటిలాగే కొంత ఉంచుకున్నాను. గింజలు తీస్తుంటే గుజ్జులో అక్కడక్కడ తెల్లటి నూగు అంటుకుని ఉండేది. ఏరి తీసేసి, ఉప్పు చల్లి, కుండలో తొక్కి పెట్టాను. చింతపండు పాతబడినకొద్దీ నల్లబడుతుంది గాని చెడిపోదు. పారవెయ్యమని ఆయన అనలేదు. చారులో ఏ పండు వేశావని కూడా అడగలేదు.

ఆయన ఉద్యోగం ఉన్నంతకాలం ఆ పని మానలేదు. ఊరూరా తిరిగాడు. అర్జీలు పెట్టాడు. ఒక్క చెట్టుకూ హుకుం రాలేదు. ఆ పల్లెకు మాత్రం ఏడాదికొకసారి బడిపిల్లలను తీసుకుపోవడం ఆపలేదు. చూడటానికేముందక్కడ అని నేనంటే, పిల్లల కిరాయి డబ్బులు లెక్కపెట్టుకునేవాడు.

కొంగలు రావడం మానేశాక ఒకసారి నేనూ పోయాను. అవే నెలలు, అదే ఎండ. పటేలు దొడ్డి గోడ వెనక మొద్దులు పగిలి ఉన్నాయి. ఆయన పిల్లలను వరసగా నిలబెట్టి, "ఇక్కడ గూళ్ళుండె" అన్నాడు.

ఒక పిల్ల అటూ ఇటూ వెతికింది. "ఏడ సార్?"

ఆయన చెయ్యెత్తి చూపించాడు. మొద్దుల మీద కాదు. అంతకు చాలా పైన, ఒకప్పుడు కొమ్మలు ఉన్న ఎత్తున, ఏమీ లేని చోట. పిల్లలంతా కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని అటే చూశారు. కొందరు పలకలు తీసి కూర్చున్నారు గాని, ఏం గీయాలో తెలియక ఆయన ముఖం చూశారు.

ఎండ ఎక్కువవుతోంది. నేను పిల్లలను గోడ నీడకు పిలిచి, మూట విప్పి పులిహోర పెట్టాను. చింతపండు ఆ కుండలోదే.